సుప్రీంకోర్టులో ఒకే ఒక్క మహిళా న్యాయమూర్తి: దారి ఎక్కడ మూసుకుపోతోంది?

గోదావరి_లా
రాజమండ్రిలో ఈ ఏడాదే ఎల్‌ఎల్‌బీ పూర్తి చేశాను. 2025 జూన్‌లో జస్టిస్ బేలా త్రివేది పదవీ విరమణ చేశాక సుప్రీంకోర్టులో మిగిలిన మహిళ జస్టిస్ నాగరత్న ఒక్కరే. అప్పటికి మొత్తం పదవులు 34. ఆ కోర్టు 1950లో మొదలైంది. ఇన్నేళ్లలో ఆ పీఠం మీద కూర్చున్న మహిళలు 11 మంది. మా తరగతిలో సగం మంది అమ్మాయిలమే. ఇక్కడి కోర్టుల సముదాయంలో ఏ హాలు తలుపు తోసినా జడ్జి స్థానంలో మహిళ కనిపిస్తున్నారు. కింద ఇంతమంది ఉంటే పైకి వెళ్లేసరికి ఒక్కరు ఎలా అవుతున్నారు? మా మేనమామ "చదువుకున్న ఆడపిల్లలు పెరిగితే అదే సర్దుకుంటుంది" అంటాడు. 75 ఏళ్లు గడిచాయి. ఇంకా ఎన్నేళ్లకు సర్దుకోవాలి?

ఇది ఆడవాళ్ల సంగతి మాత్రమే అనుకోను. దళితులు, గిరిజనులు, ఇంట్లో ఎవరూ నల్లకోటు వేసుకోని పల్లెటూరి పిల్లలు, అందరిదీ ఇదే ప్రశ్న. తెలిసినవారు చెప్పండి. దారి ఢిల్లీలో మూసుకుపోతోందా, మధ్యలోనా, మా ఊళ్లోనేనా?

ప్రతిభే_ముఖ్యం
న్యాయమూర్తికి చట్టం తెలియాలి, నిజాయితీ ఉండాలి. మూడో అర్హత అక్కర్లేదు. మీకు ఆపరేషన్ చేసే డాక్టరు ఏ కులమో, ఆడో మగో అడిగి బల్ల ఎక్కుతారా?

ఓరుగల్లు_వకీలు
డాక్టరు పోలిక ఇక్కడ నిలవదు. పేగు ఎక్కడుందన్న దాని మీద రెండు అభిప్రాయాలు ఉండవు. సుప్రీంకోర్టు దాకా వెళ్లేవి చాలావరకు రెండు అభిప్రాయాలకు తావున్న కేసులే. "గౌరవం", "సహేతుకం", "సమానత్వం" అన్న మాటలకు అర్థం చెప్పాల్సి వచ్చినప్పుడు, ఆ మనిషి బతికిన బతుకు కూడా పక్కనే కూర్చుని ఉంటుంది. నేను 19 ఏళ్లుగా వాదిస్తున్నాను. చట్టం ఒక్కటే మాట్లాడిన తీర్పు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

ప్రతిభే_ముఖ్యం
అలాగైతే శబరిమల తీర్పు చూడండి. 2018లో ఐదుగురి ధర్మాసనంలో ఒకే మహిళ, జస్టిస్ ఇందూ మల్హోత్రా. నలుగురు పురుషులు స్త్రీల ప్రవేశానికి అనుకూలంగా రాస్తే, వ్యతిరేకంగా రాసింది ఆమె ఒక్కరే. బతుకు పక్కన కూర్చుంటుందన్న మాట అక్కడ ఏమైంది?

గోదావరి_లా
ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఓరుగల్లు మేడమ్ గారే చెప్పాలి.

మాస్టారు_నెల్లూరు
ఆవిడ వచ్చేలోగా ఒక సంగతి. 2017లో ట్రిపుల్ తలాక్ కేసు విన్న ఐదుగురు ఐదు మతాలవారు. ఖేహర్ సిక్కు, కురియన్ జోసెఫ్ క్రైస్తవుడు, నారిమన్ పార్సీ, లలిత్ హిందువు, అబ్దుల్ నజీర్ ముస్లిం. తరవాత మన ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చిన నజీర్ గారే. దేశంలోని వైవిధ్యం ఎంత చక్కగా ఒకచోట చేరిందో అని ఆ రోజు తొమ్మిదో తరగతిలో పిల్లలకు చెప్పాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ఆ ఐదుగురిలో ఆడవాళ్లు ఎవరండీ?" అంది. కేసు వేసింది ఆడవాళ్లు. విడాకులు మోసేది ఆడవాళ్లు. ఆ పిల్ల అడిగేవరకు నాకు తట్టనే లేదు.

ఓరుగల్లు_వకీలు
మాస్టారూ, ఆ పిల్లను లా చదివించమని వాళ్లింట్లో చెప్పండి.

ప్రతిభే_ముఖ్యం గారికి. శబరిమల తీర్పు నా మాటకు అడ్డం రాదు. మల్హోత్రా గారు ఆడవాళ్లందరి తరఫున ఓటు వెయ్యడానికి అక్కడికి వెళ్లలేదు. అదే ధర్మాసనంలో ముగ్గురు మహిళలు ఉండి, ఇద్దరు ఒకలా, ఒకరు ఇంకొకలా రాసి ఉంటే "ఆడవాళ్లయ్యుండి ఇలా రాశారేమిటి" అని ఎవరూ అడిగేవారు కాదు. మగవాళ్లు ఒకరితో ఒకరు విభేదిస్తే మనకు వింతగా ఉండదు, ఎందుకంటే వాళ్లు ఎప్పుడూ చాలామంది ఉంటారు. ఒక్కరే ఉన్నప్పుడు ఆ ఒక్కరి మీద జాతి మొత్తం బరువూ వేసేస్తాం. నాకు కావలసింది విభేదించుకునేంత మంది.

కర్నూలు_పాఠకుడు
ఇది ఇంకో కేసులోనూ జరిగింది. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ తీర్పు. మన రాష్ట్రం 2000లో చేసిన చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో కొట్టేశారు. దాన్ని ఏడుగురి ధర్మాసనం ఇరవై ఏళ్ల తరవాత తిరగరాసింది. ఆ ఏడుగురిలో దళితుడు జస్టిస్ గవాయ్ ఒక్కరే. ఆయన వర్గీకరణను సమర్థించడమే కాకుండా, ఎస్సీల్లోనూ సంపన్న శ్రేణిని గుర్తించాలని రాశారు. మా వాడలోనే కొందరికి అది నచ్చలేదు. మా అన్నకు బాగా నచ్చింది. రాత్రి పన్నెండు దాకా ఇద్దరం వాదించుకున్నాం. ఆ తీర్పులో ఒప్పుకోనిది ఒక్కరే, అది బేలా త్రివేది గారు.

ఆయన రాసినదంతా నేను ఒప్పుకోను. కానీ ఆ మాట లోపలినుంచి వచ్చింది. అదే మాట బయటివాళ్లు అని ఉంటే మా ఇంట్లో చర్చ నడిచేది కాదు, తలుపులు మూసుకునేవాళ్లం.

శిరస్తాదారు_రిటైర్డ్
గోదావరి_లా అడిగిన అసలు ప్రశ్న పక్కకు పోతోంది. దారి ఎక్కడ మూసుకుపోతోంది అని కదా అమ్మా అడిగావు. 34 ఏళ్లు కోర్టు ఆఫీసులో పనిచేసి శిరస్తాదారుగా దిగిపోయాను. నాకు అర్థమైనంతవరకు అదంతా వయసు లెక్క.

జూనియర్ సివిల్ జడ్జిగా 27, 28 ఏళ్లకు చేరిన అమ్మాయి సీనియర్ సివిల్ జడ్జి అయి, జిల్లా జడ్జి అయ్యేసరికి నలభై ఐదు దాటుతుంది. హైకోర్టుకు పేరు వెళ్లేసరికి యాభై ఐదు, యాభై ఆరు. హైకోర్టులో 62కే విరమణ. అక్కడ మూడింట రెండొంతుల మందిని న్యాయవాదుల్లోంచి, ఒక వంతును కింది సర్వీసు నుంచి తీసుకోవడం ఆనవాయితీ. న్యాయవాదులు నలభైల్లోనే చేరిపోతారు. సుప్రీంకోర్టుకు పేర్లు ఎంచేటప్పుడు హైకోర్టులో సీనియారిటీ చూస్తారు. ఐదారేళ్లే మిగిలినవారికి ఆ సీనియారిటీ ఎక్కడ దొరుకుతుంది?

పేర్లతో చెబుతాను. మన రమణ గారు హైకోర్టు జడ్జి అయింది 2000లో, 42 ఏళ్లకు. నాగరత్న గారు 2008లో, 45 ఏళ్లకు. ఇద్దరూ న్యాయవాదులుగా ఉండి వెళ్లినవారే. సుప్రీంకోర్టు మొదటి మహిళా న్యాయమూర్తి ఫాతిమా బీవీ గారు కేరళలో 1958లో అడుగు మెట్టు జడ్జిగా, అంటే మున్సిఫ్‌గా చేరారు. ఒక్కో మెట్టూ ఎక్కి హైకోర్టుకు వచ్చింది 1983లో. పాతికేళ్లు! 1989 ఏప్రిల్‌లో హైకోర్టు నుంచి రిటైరయ్యారు. ఇంటికి వెళ్లిపోయాక అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టుకు పిలిచారు. అలా పిలవకపోతే ఆవిడ పేరు మనకు తెలిసేది కాదు.

ఇంకొకరు బాలకృష్ణన్ గారు. ఆయనా కేరళలోనే, 1973లో మున్సిఫ్ అయ్యారు. కానీ ఆ ఉద్యోగం వదిలేసి మళ్లీ న్యాయవాద వృత్తిలోకి వచ్చారు. 1985లో, నలభై ఏళ్లకే హైకోర్టు జడ్జి. 2007లో దేశానికి మొదటి దళిత ప్రధాన న్యాయమూర్తి. మున్సిఫ్ కుర్చీలోనే ఉండిపోతే ఆ రోజు వచ్చేదా? నా లెక్కలో వచ్చేది కాదు.

గోదావరి_లా
ఇది నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. అంటే జిల్లా కోర్టుల్లో మేం ఎంతమందిమి చేరినా పైన లెక్క మారదా?

ప్రతిభే_ముఖ్యం
శిరస్తాదారు గారూ, బేలా త్రివేది, భానుమతి ఇద్దరూ కింది కోర్టుల నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లారు కదా?

శిరస్తాదారు_రిటైర్డ్
వెళ్లారు. మంచి ప్రశ్న. కానీ ఇద్దరూ అడుగు మెట్టు మీద మొదలుపెట్టలేదు. భానుమతి గారు తమిళనాడులో 1988లో నేరుగా జిల్లా జడ్జిగా ఎంపికయ్యారు, అప్పటికి 33 ఏళ్లు. త్రివేది గారు 1995లో అహ్మదాబాద్ సిటీ సివిల్ కోర్టులో నేరుగా జడ్జిగా చేరారు, 35 ఏళ్లకు. పదేళ్లకు పైగా అక్కడే కలిసొచ్చాయి. గోదావరి_లా, నీకు చెప్పేది అదే. మొదటి మెట్టు పరీక్ష ఒక్కదాని మీదే మనసు పెట్టకు. కొన్నేళ్లు గట్టిగా ప్రాక్టీసు చెయ్యి.

గోదావరి_లా
ప్రాక్టీసు ఎలాగూ తప్పదు. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు మళ్లీ తప్పనిసరి చేసింది. 2002లో తీసేసిన నిబంధన తిరిగి వచ్చింది. మా నాన్న ఆర్టీసీలో కండక్టరు. మూడేళ్లు జీతం లేకుండా రాజమండ్రిలో ఉండమంటే ఇంట్లో మొదట వినిపించే మాట సంబంధాలు చూద్దామా అని.

శిరస్తాదారు_రిటైర్డ్
ఆ నిబంధన మంచిదేనని నేను అంటాను. ఒక్క సాక్షినైనా విచారించని పిల్లలు కుర్చీలో కూర్చుని, బెంచ్ క్లర్క్ వైపు చూసి వాయిదా వెయ్యడం కళ్లారా చూశాను.

ఓరుగల్లు_వకీలు
నిబంధన మంచిదే కావచ్చు. ఆ మూడేళ్లు అన్నం పెట్టేది ఎవరు? నా కథ చెబుతాను, వినండి. 2006లో చేరాను. మొదటి సీనియరు నెలకు ఎనిమిది వందలు ఇచ్చేవారు, అదీ గుర్తుంటే. నాతో చేరిన అబ్బాయికి కోర్టులో సాక్షిని ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్ ఇచ్చేవారు, నాకు కేసు కాగితాలు రాసే డ్రాఫ్టింగు. "నీ అక్షరం బాగుంటుందమ్మా" అనేవారు. పొగడ్త అనుకుని రెండేళ్లు రాస్తూ కూర్చున్నాను. కోర్టులో గొంతు వినిపించకపోతే కక్షిదారు గుర్తుపెట్టుకోడు. సాయంత్రం ఏడింటికి ఆఫీసులో సీనియరు కక్షిదారులతో మాట్లాడతారు, కేసులు వచ్చే సమయం అదే. ఏడింటికి హాస్టలు గేటు మూసేసేవారు.

పెళ్లయ్యాక రెండు కాన్పులకు మూడేళ్లు పోయాయి. తిరిగి వచ్చేసరికి నా ఫైళ్లన్నీ వేరేవాళ్ల వకాలత్ మీద ఉన్నాయి. ఎవరినీ తప్పుపట్టను, కక్షిదారు ఆగడు కదా. కానీ హైకోర్టుకు న్యాయవాదుల పేర్లు పంపేటప్పుడు 45 ఏళ్ల వయసులో మన ఆదాయం చూస్తారు, ఏ పెద్ద కేసులు వాదించామో చూస్తారు. ఆ మూడేళ్లూ, ఆ డ్రాఫ్టింగు రెండేళ్లూ అందులోనే కనిపిస్తాయి. ప్రతిభ అని అక్కడ కొలిచేది చాలావరకు ఇదే. ప్రతిభే_ముఖ్యం గారికి ఇది కోపంతో చెప్పడం లేదు.

ప్రతిభే_ముఖ్యం
కోపంగా చెప్పినా పడతాను. హాస్టలు గేటు సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు.

గుంటూరు_ప్లీడర్
మగవాడినే అయినా ఓరుగల్లు గారు చెప్పినదానిలో సగం నాకూ అనుభవమే. మా నాన్న మిర్చి యార్డులో కాటా వేసేవాడు. నాతో చేరినవాళ్లలో తాతగారి ఆఫీసు, తాతగారి గుమస్తా, తాతగారి లా పుస్తకాల బీరువా ఉన్నవాళ్లు మొదటి రోజు నుంచే కేసులు వాదించారు. నేను అయిదేళ్లు వాయిదాలు అడిగాను. జూనియర్లకు నెలకు 5,000 ఇచ్చే లా నేస్తం అని మన రాష్ట్రంలో 2019లో ఒక పథకం పెట్టారు. దాని గురించి ఎవరు ఏమన్నా, నా దగ్గర జూనియర్‌గా ఉన్న ఒక పిల్ల ఆ డబ్బుతోనే గది అద్దె కట్టుకుని నిలబడింది. ఇప్పుడు మంచి క్రిమినల్ లాయరు.

ప్రభుత్వ ప్లీడర్ల పదవులు, బ్యాంకుల, కార్పొరేషన్ల తరఫున వాదించే స్టాండింగ్ కౌన్సిల్ పదవులు మరో తలుపు. హైకోర్టులో రోజూ లేచి మాట్లాడే అవకాశం ఇచ్చేవి అవే. వాటిలో ఆడవాళ్లకు, దళితులకు, బీసీలకు చోటు పెంచితే పదేళ్లకు హైకోర్టు జాబితా దానంతట అదే మారుతుంది. ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో పని.

కర్నూలు_పాఠకుడు
"దానంతట అదే" అన్న మాట గోదావరి_లా మేనమామ మాటలాగే ఉంది. నియమించేవాళ్లు మారకుండా జాబితా మారదు. 2018 నుంచి నియమించిన 715 మంది హైకోర్టు జడ్జీల్లో ఎస్సీలు 22, ఎస్టీలు 16, ఓబీసీలు 89, మైనారిటీలు 37 అని ప్రభుత్వమే 2025లో పార్లమెంటుకు చెప్పింది. సుప్రీంకోర్టుకు వెళ్లేవాళ్లంతా దాదాపు ఈ చెరువులోంచే. చెరువులో లేని చేప వలలో ఎలా పడుతుంది?

మాస్టారు_నెల్లూరు
మరి న్యాయమూర్తులే న్యాయమూర్తులను ఎంచే ఈ కొలీజియం తీసేస్తే?

గుంటూరు_ప్లీడర్
2015లో ఆ ప్రయత్నమే జరిగింది. దాని బదులు పెట్టిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను ఐదుగురి ధర్మాసనం కొట్టేసింది. ఒప్పుకోని ఒకే ఒక్కరు మన కృష్ణా జిల్లా చలమేశ్వర్ గారు. తలుపులు మూసి నియామకాలు చేసే పద్ధతిలో పారదర్శకత లేదన్నది ఆయన బాధ. ఆ బాధ నిజమే. కానీ ప్రభుత్వం చేతికి ఇస్తే బాగుపడుతుందన్న నమ్మకం నాకు లేదు. 1993కి ముందు ప్రభుత్వానిదే పైచేయి. ఫాతిమా బీవీ గారు రావడానికి 39 ఏళ్లు పట్టింది ఆ పద్ధతిలోనే.

కర్నూలు_పాఠకుడు
రెండు పద్ధతులూ ఈ లోటు తీర్చలేదు, సరే. అనుకుంటే చెయ్యగలరన్నది మాత్రం నిజం. 2021 ఆగస్టు 31న ఒకేరోజు తొమ్మిది మంది ప్రమాణం చేశారు, అందులో ముగ్గురు మహిళలు. ప్రమాణం చేయించింది అప్పటి ప్రధాన న్యాయమూర్తి రమణ గారు. బాలకృష్ణన్ గారు 2010లో దిగిపోయాక గవాయ్ గారు 2019లో వచ్చేదాకా సుప్రీంకోర్టులో ఒక్క దళిత న్యాయమూర్తీ లేరు. ఆ లోటు వల్లనే తన పేరు రెండేళ్లు ముందుకు జరిగిందని గవాయ్ గారే బహిరంగంగా చెప్పారు. ఆయన 2025 మేలో ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ రెండేళ్లు ముందుకు జరపకపోతే సీనియారిటీ ఎక్కడ తేలేదో శిరస్తాదారు గారే లెక్కేసి చెప్పాలి.

శిరస్తాదారు_రిటైర్డ్
లెక్క వెయ్యక్కర్లేదు. రెండేళ్లంటే చాలా ఎక్కువ. నాగరత్న గారికి సీనియారిటీ ప్రకారం 2027లో ప్రధాన న్యాయమూర్తి అవకాశం వస్తే, దొరికేది 36 రోజులు.

మాస్టారు_నెల్లూరు
36 రోజులా! మా బడి వేసవి సెలవులు అంతకన్నా ఎక్కువ.

డల్లాస్_సుబ్బు
ఇక్కడ అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మందిలో నలుగురు మహిళలు. కానీ ఎనిమిది మంది చదివింది హార్వర్డ్‌లోనో యేల్‌లోనో. మనిషి రూపం మారినా బడి మారలేదు. వాళ్లలో నాకు ప్రత్యేకంగా కనిపించేది కేటాంజీ బ్రౌన్ జాక్సన్. లాయరును పెట్టుకోలేని ముద్దాయిల తరఫున వాదించే ఉద్యోగం చేసి, ఆ కోర్టుకు చేరిన మొదటి మనిషి. మన దగ్గర పేదలకు ఉచితంగా లాయరును ఇచ్చే న్యాయసేవాధికార సంస్థల కేసులు వాదించేవాళ్లను ఎవరైనా ఆ కళ్లతో చూస్తారా?

పాడేరు_న్యాయవాది
చూడరు. నేను ఆ కేసులే వాదిస్తాను. రెండు రోజులుగా ఇదంతా చదువుతున్నాను, ఇప్పుడు రాయాలనిపించింది.

ఒక భూమి కేసులో మా కక్షిదారు కువి తప్ప వేరే భాష రాని పెద్దాయన. కోర్టులో ఆయన కువిలో చెప్పాడు, ఊరి కుర్రాడు తెలుగులోకి మార్చాడు, రికార్డు ఇంగ్లీషులోకి వెళ్లింది. "ఆ ఏడు పంట వేసుకొమ్మని ఇచ్చాను" అన్నది ఆయన మాట. కాగితం మీద "భూమి బదలాయించాను" అన్న అర్థం వచ్చింది. పై కోర్టులో చదివేవాళ్లకు ఆ కాగితమే ఉంటుంది, పెద్దాయన ఉండడు. మన్యంలో భూమి ఇవ్వడం అంటే ఏమిటో, అమ్మడం అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆ కాగితం చదివితే ఒక్క క్షణం ఆగి అనుమానిస్తాడు. నాకు కావలసింది ఆ ఒక్క క్షణం.

అది ఎలా ఉంటుందో మేం ఒకసారి చూశాం. 1997 జూలైలో వచ్చిన సమత తీర్పు. అనంతగిరి మండలం బొర్రా దగ్గర గిరిజన భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని ఇద్దరు న్యాయమూర్తులు చెప్పారు, ఒకరు ఒప్పుకోలేదు. గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదన్న నిబంధన ప్రభుత్వానికీ వర్తిస్తుందని రాసింది జస్టిస్ కె. రామస్వామి. మన రాష్ట్రం నుంచి వెళ్లిన దళిత న్యాయమూర్తి. పదవిలో చివరి రోజుల్లో ఇచ్చిన తీర్పు అది. ఆయన దళితుడు కాబట్టే అలా రాశారని నేను అనను, ఆయన చట్టజ్ఞానాన్ని తక్కువ చేసినట్టవుతుంది. కానీ చేతిలోంచి భూమి జారిపోవడం అంటే ఏమిటో ఆ తీర్పు రాసిన చేతికి తెలుసని చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

ప్రతిభే_ముఖ్యం
గిరిజనుల నుంచి ఇంతవరకు సుప్రీంకోర్టుకు ఎవరూ వెళ్లలేదా?

పాడేరు_న్యాయవాది
నాగాలాండ్ నుంచి జస్టిస్ సేమా వెళ్లారు, 2002 నుంచి 2008 వరకు ఉన్నారు. మన మన్యం నుంచి ఇంకా ఎవరూ లేరు.

ప్రతిభే_ముఖ్యం
నా మాట పూర్తిగా వెనక్కి తీసుకోను. తీర్పు చట్టం మీదే నిలబడాలి, కులం మీద కాదు. కానీ డాక్టరు పోలిక తప్పని ఒప్పుకుంటున్నాను. రోగి చెప్పేది అర్థంకాని డాక్టరు కూడా ప్రమాదమే.

ఓరుగల్లు_వకీలు
పూర్తిగా వెనక్కి తీసుకోమని ఎవరూ అడగలేదు. ఆ చివరి వాక్యం చాలు.

గుంటూరు_ప్లీడర్
గోదావరి_లా, బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యావా? రాజమండ్రిలో నాకు బాగా తెలిసిన ఒక సీనియరు మేడమ్ ఉన్నారు, సివిల్‌లో గట్టి మనిషి. జూనియర్లకు నెలనెలా డబ్బు ఇస్తారు, మొదటి ఏడాదిలోనే సాక్షిని విచారించనిస్తారు. నాకు విడిగా సందేశం పెట్టు, ఆవిడతో మాట్లాడతాను.

ఓరుగల్లు_వకీలు
చేరే ముందే అడుగు: క్రాస్ ఎగ్జామినేషన్ ఎప్పటి నుంచి ఇస్తారు అని. మొహమాటపడకు. నీ అక్షరం ఎంత బాగున్నా సరే.

గోదావరి_లా
సందేశం పెట్టాను గుంటూరు సార్. ఎన్‌రోల్‌మెంట్ వచ్చే శనివారం. నాన్నకు ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. ఫాతిమా బీవీ గారి పాతికేళ్ల దగ్గర ఆపి, ఇంకోసారి చదవమన్నాడు. సంబంధాల సంగతి ఒక ఏడాది ఎత్తనన్నాడు. మూడేళ్లు అడిగాను. ఇంకా మాట్లాడుతున్నాం.

శిరస్తాదారు_రిటైర్డ్
చేరిన వారంలోనే కాపీయిస్టు సెక్షన్‌కు వెళ్లి నకలు దరఖాస్తు నీ చేత్తో నువ్వే వేసుకో. గుమస్తాను పంపకు. కోర్టు లోపల ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో అప్పుడే తెలుస్తుంది.